వెబ్ పేజీకి ప్రమాణాలు ఎంతవరకు?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున భుయ్యాడీహ్ అనే పేట ఉంది. ఇరవై ఏళ్ళ క్రిందట, మా సంస్థలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన అక్కడ కుమారుని ఇంట ఉండేవారు. పని మీద ఆ ఊరు వెళ్ళిన మేము వారిని చూడబోయాము. కుశల ప్రశ్నలయ్యాక ఆయన, "బాబూ, మీరు పెట్టిన తెలుగు పేజీని మావాడు నెట్ సెంటర్‌లో చూపించాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అది ఏ భాష?" అని అడిగారు.

ఆ పేజీని తయారుచేసినది మేమే. విశ్రాంత ఉద్యోగుల వైద్య సహాయ పథకానికి దరఖాస్తు గడువు అందులోనే ఉంది. మేము వెళ్ళేనాటికి ఆ గడువు దాటిపోయింది.

విచిత్రమేమంటే, కోడ్‌లోని తప్పులను పట్టే సాధనం ఆ పేజీలో ఒక్క దోషమూ లేదని చెప్పింది. మేము చేసిన పొరపాటు మరొకచోట ఉంది. ఆ రోజులలో పలువురు చేసినట్లే మేమూ ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు రూపాలు తొడిగే ఫాంటును వాడాము. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కని తెలుగు. లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. సాధనం ట్యాగులను పరీక్షించింది గాని, అక్షరాలు నిజమైనవో కావో అడగలేదు.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట తెచ్చింది. మార్గం ఉండగా అలవాటైన దారినే పోయాము. తిరిగి వచ్చిన వెంటనే పేజీని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించాము. తొందరలో రెండుచోట్ల ట్యాగుల ముగింపు వరుస తప్పింది. సాధనం వాటిని తప్పులుగా చూపింది. పెద్దాయన మాత్రం పేజీ అంతా తామే చదువుకున్నారు. ఆలస్యమైన దరఖాస్తును మా కార్యాలయం స్వీకరించింది.

అలాగైతే ప్రమాణాలు అనవసరమా? కానే కావు. 2000లో వెలువడిన ఎక్స్.హెచ్.టి.ఎం.ఎల్. కఠిన మార్గాన్ని చూపింది. దానిని నియమానుసారంగా పంపితే, ఒక్క ట్యాగు మూయకపోయినా బ్రౌజర్ పేజీని చూపక దోష సందేశం ఇచ్చేది. తప్పు వ్రాసినవారిది, శిక్ష చదివేవారికి! ఆ మార్గం విస్తరించలేదు. 2014లో ప్రమాణంగా వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 తప్పుగా వ్రాసిన కోడ్‌ను బ్రౌజర్లన్నీ ఒకే తీరున ఎలా అర్థం చేసుకోవాలో కూడా నిర్దేశించింది. ఇంజనీర్లకు ఇది క్రొత్త సంగతి కాదు. షాఫ్టు వ్యాసం 50 మిల్లీమీటర్లు అని వ్రాసి ఊరుకోము; ఎంత హెచ్చుతగ్గు చెల్లునో డ్రాయింగులోనే చూపుతాము. సడలింపు ప్రమాణానికి శత్రువు కాదు, అందులో భాగమే.

అయితే ఆ సడలింపు భారం చదువరిపై పడరాదు. అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. భాష తెలుగని ట్యాగులో తెలిపితే, చూపులేనివారికి చదివి వినిపించే సాధనం తగిన గొంతును ఎంచుకోగలదు. బొమ్మకు మాటలలో వివరణ ఉండాలి. వీటిలో రాజీ కూడదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో మొదట వెలువడి, 2023లో మూడవ కూర్పు పొందిన మార్గదర్శకాల ఆశయం కూడా అందరికీ అందుబాటే.

నేడు ఫాంటుల చిక్కు చాలావరకు తీరింది. కాని సంతకమైన సర్క్యులర్‌ను స్కాన్ చేసి బొమ్మగా పెట్టే అలవాటు పోలేదు. అందులోని మాట వెదికితే దొరకడం కష్టం. వినిపించే సాధనానికీ తరచు అందదు. అది భుయ్యాడీహ్ పొరపాటే, వేషం మారినది.

కనుక సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. పేజీని పరీక్షా సాధనానికి చూపండి; తరువాత మన కార్యాలయం వెలుపల, ఒక పెద్దవారి చేతిలోని ఫోనులోనూ తెరిచి చూడండి. రెండవ పరీక్షలో నెగ్గని పేజీకి మొదటి పరీక్షలో వచ్చిన మార్కులు అక్కరకు రావు.