లినక్స్ గుర్తించని టీవీ ట్యూనర్‌ను పనిచేయించడం ఎలా?

యాంటెన్నా అందుకున్న ప్రసార తరంగాలను కంప్యూటర్ చదవగల సమాచారంగా మార్చి, యూఎస్‌బీ ద్వారా అందించే చిన్న పరికరమే డిజిటల్ టీవీ ట్యూనర్. వీటి తయారీదారులు చాలామంది విండోస్‌కు మాత్రమే డ్రైవర్‌ను, అంటే పరికరంతో ఆపరేటింగ్ సిస్టమ్ వ్యవహరించడానికి తోడ్పడే ప్రోగ్రామ్‌ను, సమకూరుస్తారు. అందువల్ల లినక్స్ కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఉలుకూ పలుకూ లేకపోయినా, పరికరం పనికిరాదని అంతలోనే తీర్మానించనవసరం లేదు. దానికి సరిపోయే డ్రైవర్ లినక్స్‌లో అప్పటికే ఉండి, ఈ నమూనా పేరు మాత్రం అందులో నమోదు కాకపోయి ఉండవచ్చు.

ఈ పరికరంలో మూడు పనులు జరుగుతాయి. ట్యూనర్ చిప్ కోరిన పౌనఃపున్యాన్ని ఎంచుకుంటుంది. డీమాడ్యులేటర్ ఆ తరంగంలో ఇమిడి ఉన్న డిజిటల్ సమాచారాన్ని వెలికితీస్తుంది. బ్రిడ్జి దానిని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు చేరవేస్తుంది. రియల్‌టెక్ సంస్థ తయారుచేసిన ఆర్‌టీఎల్2832యూ చిప్‌లో చివరి రెండు పనులూ ఒకేచోట జరుగుతాయి కనుక, దానికి ఎఫ్‌సీ0012, ఈ4000, ఆర్820టీ వంటి ఏదో ఒక ట్యూనర్ చిప్‌ను జోడించి, ఎన్నో సంస్థలు తమ తమ పేర్లతో చౌక ట్యూనర్లను విపణిలోకి తెచ్చాయి. పెట్టె మీది పేరును బట్టి లోపలి చిప్ ఏదో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

యూఎస్‌బీ పరికరం తనను తాను రెండు సంఖ్యలతో పరిచయం చేసుకుంటుంది. మొదటిది తయారీదారును, రెండోది ఉత్పత్తిని సూచిస్తుంది. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అనే ఆదేశం ఇస్తే ఈ జత కనిపిస్తుంది. రియల్‌టెక్ ట్యూనర్లలో తరచుగా కనిపించే జత ‘0బీడీఏ:2838’. లినక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన భాగం, ఈ జతను ప్రతి డ్రైవర్‌లోనూ ఉండే పట్టికతో సరిచూస్తుంది. ఏ పట్టికలోనూ అది లేకపోతే, తగిన డ్రైవర్ డిస్కులో సిద్ధంగా ఉన్నా ఆ పరికరానికి తోడు రాదు.

కొన్ని డ్రైవర్లకు కొత్త సంఖ్యలను అప్పటికప్పుడు చెప్పే వీలుంది గాని, రియల్‌టెక్ టీవీ డ్రైవర్‌లో ఆ వీలు లేదు. అందుచేత లోపలి చిప్ ఆర్‌టీఎల్2832యూ అని ముందుగా నిర్ధారించుకుని, డ్రైవర్ మూలపాఠంలోని పట్టికలో రెండు సంఖ్యలు, లక్షణాల సూచన, పరికరం పేరు, రిమోట్ బటన్ల పట్టిక ఉండే ఒక పంక్తిని చేర్చి, ఆ డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేయవలసి, అంటే కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చవలసి, ఉంటుంది. ఆ తరువాత డ్రైవరే తనకు తెలిసిన ట్యూనర్ చిప్‌లను ఒక్కొక్కటిగా పలకరించి, జవాబిచ్చినదానిని ఎంచుకుంటుంది. ‘డీమెస్‌జీ’ ఆదేశం చూపే కెర్నెల్ సందేశాలలో ఈ ఎంపిక ఫలితం కనిపిస్తుంది. డిబ్0700 వంటి ఇతర చిప్‌లకైతే ఫర్మ్‌వేర్, అనగా పరికరంలోకి ఎక్కించవలసిన అంతర్గత ప్రోగ్రామ్, కూడా అవసరం. అది లేని లోటునూ ఆ సందేశాలే తెలుపుతాయి.

డ్రైవర్ కుదిరినంత మాత్రాన చానెళ్లు వస్తాయనుకోరాదు. ఆర్‌టీఎల్2832యూ డీవీబీ-టీ అనే ప్రమాణంలోని టీవీ ప్రసారాలను మాత్రమే విప్పగలదు. దూరదర్శన్ భూతల డిజిటల్ ప్రసారాలకు స్వీకరించిన డీవీబీ-టీ2 అంతకంటే కొత్త ప్రమాణం కావడం వల్ల, ఎంతటి డ్రైవరైనా ఆ లోటును తీర్చలేదు. ప్రసార ప్రమాణం సరిపోయి, యాంటెన్నా తగిన చోట ఉన్నప్పుడు, ‘డీవీబీవీ5-స్కాన్’ వంటి ప్రోగ్రామ్‌తో చానెళ్లను వెదికి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూడవచ్చు.

పరికరం లోపలి చిప్‌ను ఇలా శోధించడం ఒక్కోసారి అనుకోని ఫలితాలనిస్తుంది. 2012లో ఫిన్లాండ్‌కు చెందిన ఆంటి పాలోసారి, ఆర్‌టీఎల్2832యూ చిప్ ఎఫ్ఎం రేడియో కోసం సంకేతాన్ని విప్పకుండా ముడి నమూనాలుగానే కంప్యూటర్‌కు పంపుతుందని గుర్తించారు. దానితో టీవీ ట్యూనర్, సంకేతాలను కంప్యూటర్‌లోని ప్రోగ్రామే విప్పే చౌకైన సాఫ్ట్‌వేర్ రేడియోగా మారింది. విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో తమ స్థానాన్ని తెలుపుతూ పంపే సంకేతాలను సైతం ఔత్సాహికులు దానితో ఇంటినుంచే అందుకోసాగారు.

డ్రైవర్ పట్టికలో చేర్చగా పనిచేస్తుందని తేలిన పంక్తిని కెర్నెల్ నిర్వాహకులకు ప్యాచ్ రూపంలో, అంటే మార్పును మాత్రమే చూపే చిన్న ఫైలుగా, పంపడం ఈ పనిలో చివరి మెట్టు. వారు దానిని ఆమోదిస్తే, తరువాతి కెర్నెల్ వాడేవారు అదే ట్యూనర్‌ను తగిలించిన వెంటనే వాడుకోగలుగుతారు. ఒకరి శ్రమ అందరి సొత్తుగా మారే ఈ సంప్రదాయమే లినక్స్‌కు అసలైన బలం.