చేతుల తిమ్మిరిని తేలిగ్గా తీసుకోవద్దు

రాణీగంజ్ మార్కెట్‌లో కొన్న గ్రైండర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, బ్రేకర్లతో సికింద్రాబాద్‌లో ఎందరో బతుకుతున్నారు. వాటి అదురు ఏళ్ల తరబడి చేతులకు తగిలితే నరాలు, రక్తనాళాలు, కీళ్లు దెబ్బతింటాయి. వైద్యులు దీన్ని హ్యాండ్ ఆర్మ్ వైబ్రేషన్ సిండ్రోమ్ అంటారు. దీని చుట్టూ ఉన్న అపోహలు ప్రమాదకరమైనవి.

అపోహ: పని మానగానే తిమ్మిరి పోతుంది, భయం లేదు.

వాస్తవం: మొదట్లో పోతుంది. అదురు కొనసాగితే వేళ్లు మొద్దుబారే ఉంటాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం, చిన్న స్క్రూ పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. ముదిరిన నరాల నష్టం చాలావరకు తిరిగిరాదు.

అపోహ: ఇది చలి దేశాల జబ్బు.

వాస్తవం: 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో గాలి సుత్తులతో రాయి చెక్కేవారిని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరీక్షించారు. వారి వేళ్లు చలికి పాలిపోయేవి. మన ఎండల్లో ఆ తెల్లదనం అంతగా కనబడదు. కానీ నరాలు దెబ్బతినడానికి చలి అక్కర్లేదు. అందుకే మన దగ్గర తిమ్మిరినే తొలి హెచ్చరికగా తీసుకోవాలి.

అపోహ: పెద్ద బ్రేకర్‌తోనే ప్రమాదం, చిన్న గ్రైండర్‌తో ఏమీ కాదు.

వాస్తవం: అదురు తీవ్రతతో పాటు పట్టుకున్న సమయమూ ముఖ్యమే. ఐరోపా నిబంధనల ప్రకారం 8 గంటల పనికి గరిష్ఠ పరిమితి సెకను వర్గానికి 5 మీటర్లు. మిషను అదురు 10 ఉంటే 2 గంటల్లోనే ఆ పరిమితి నిండుతుంది. అదురు తక్కువైనా రోజంతా వదలకుండా పట్టుకుంటే ముప్పే.

అపోహ: గ్లౌజులు వేసుకుని, గట్టిగా బిగించి పడితే చాలు.

వాస్తవం: మామూలు గ్లౌజులు చేతిని వెచ్చగా ఉంచి, గాయాల నుంచి కాపాడతాయి. అదురును పెద్దగా ఆపలేవు. బిగించి పట్టేకొద్దీ అది చేతిలోకి ఇంకా ఎక్కువగా పాకుతుంది. జారిపోనంత పట్టు సరిపోతుంది.

యజమానులు అరిగిన బేరింగులు, డిస్కులు, మొద్దుబారిన బిట్లు వెంటనే మార్చాలి. ఒకే మనిషికి రోజంతా అదే మిషను అప్పగించకూడదు. పొగ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి కార్మికులు బీడీ, సిగరెట్ మానాలి. తిమ్మిరికి షుగర్ వంటి కారణాలూ ఉంటాయి. అందుకే డాక్టరుకు ఏ మిషను, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా వాడుతున్నారో మీరే ముందుగా చెప్పండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే మీ డిస్పెన్సరీకి వెళ్లండి. వేళ్లలో స్పర్శ పోయేదాకా ఆగకండి.