ఎర్ర గీతలు తగ్గితేనే రాత మెరుగు

ఆన్‌లైన్ ఇంగ్లీషు తరగతుల్లో తప్పులన్నీ దిద్దడం కన్నా ఒకటి రెండు చెప్పి మళ్లీ రాయించడమే మేలు

బెంగాలీలో అతనైనా, ఆమైనా 'సే'నే. అందుకే కోల్‌కతా విద్యార్థి అక్క గురించి ఇంగ్లీషులో రాస్తూ మధ్యలో 'హీ' అనేయడం మామూలే. తరగతి గదిలోనైతే టీచర్ నవ్వుతూ సరిదిద్దుతారు. ఆన్‌లైన్‌లో ఆ నవ్వు కనిపించదు. తెర మీద ఎర్ర గీతలే మిగులుతాయి.

ఇక్కడ ఆ గీతల బరువు ఎక్కువ. వామపక్ష ప్రభుత్వం 1980ల తొలినాళ్లలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లీషు ఎత్తేసింది. 1999లో మూడో తరగతి నుంచి, 2004లో ఒకటో తరగతి నుంచి మళ్లీ తెచ్చింది. ఆ మధ్యకాలంలో చదివిన చాలామంది ఇప్పుడు తల్లిదండ్రులు. ఇంట్లో దిద్దేవారు లేని పిల్లలకు టీచర్ రాసే వ్యాఖ్యే ఆధారం. కోవిడ్‌తో 2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక పాఠశాలలు 2022 ఫిబ్రవరి దాకా తెరుచుకోలేదు. అన్నాళ్లూ ఆ వ్యాఖ్య కూడా ఫోన్ ద్వారా రావలసిందే.

తప్పులు దిద్దడం వల్ల లాభముందా అన్నది పాత వివాదమే. వ్యాకరణ దోషాలు దిద్దడం వృథా, పైగా హానికరమని 1996లో జాన్ ట్రస్కాట్ వాదించారు. ఎంపిక చేసి, స్పష్టంగా దిద్దితే ప్రయోజనం ఉంటుందని 1999లో డానా ఫెరిస్ బదులిచ్చారు. వ్యాఖ్యకు మార్కులు జతచేస్తే వ్యాఖ్య వల్ల కలిగే మేలు పోతుందని రూత్ బట్లర్ 1988 నాటి అధ్యయనం చూపింది. పిల్లల చూపు ముందు అంకె మీదే పడుతుంది మరి.

కాబట్టి టీచర్ చేయాల్సింది తక్కువే, కానీ ఆలోచించి చేయాలి. ముందు విషయం, తర్వాత వ్యాకరణం. ఒక్కో రచనలో రెండు మూడు తప్పులు చాలు. 'బాగుంది' అంటే దారి తెలియదు. 'వాన వర్ణన బాగుంది, కానీ నీళ్లలో చిక్కుకున్నదెవరో తెలియలేదు' అంటే తెలుస్తుంది. గూగుల్ డాక్స్‌లో ఆ మాట వాక్యం పక్కనే రాయవచ్చు, పాత ప్రతితో పోల్చవచ్చు. ఫోన్ మాత్రమే ఉన్నవారికి బెంగాలీలో వాయిస్ మెసేజ్ చాలు. మార్కులు తిరగరాశాకే ఇవ్వాలి.

టీచర్ సమయమూ లెక్కలోకి తీసుకోవలసిందే. ఒక్కో రచనకు ఐదు నిమిషాలనుకున్నా 40 మందికి మూడు గంటలు దాటుతుంది. చాట్‌జీపీటీ లాంటివి క్షణంలో అన్నీ దిద్దిపెడతాయి. అయితే ఈ వారం ఏ అమ్మాయికి ఏ రెండు తప్పులు చెప్పాలో, ఏవి వదిలేయాలో తెలియాలంటే ఆమెను ఎరిగిన టీచరే కావాలి.