అవసరం మేరకే గాయం

మానవ దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానికి అకారణంగా గాయం చేయడం ధర్మసమ్మతం కాదు. ప్రాణరక్షణకై వైద్యుడు కత్తి పట్టినప్పుడు మాత్రం షరీఅత్ అతని చేతిని అడ్డుకోదు. అత్యవసర స్థితి నిషిద్ధాన్ని అనుమతిస్తుందనీ, ఆ అనుమతి అవసరమున్నంత మేరకేననీ మేము మద్రసాలో బోధించే ఫిఖ్హ్ సూత్రం. ఊపిరితిత్తుల మార్పిడి చికిత్సలో ఈ సూత్రం కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది.

1963లో అమెరికాలోని మిసిసిపీలో డాక్టర్ జేమ్స్ హార్డీ తొలిసారిగా మనిషికి ఊపిరితిత్తిని మార్చారు. రోగి 18 రోజులే జీవించాడు. 1983లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం చికిత్స చేసిన రోగి ఆరేళ్ళకు పైగా బ్రతికాడు.

కొత్త ఊపిరితిత్తిని అమర్చడమంటే శ్వాసనాళాన్ని, ధమనిని, సిరలు చేరే గుండె ఎడమ కర్ణిక అంచును కుట్టి కలపడం. ఈ మూడూ ఛాతీ లోతుల్లో ఉంటాయి. ఎడమవైపున గుండె వాటికి అడ్డు నిలుస్తుంది. దానిని పక్కకు ఒత్తితే రక్తపోటు పడిపోవచ్చు. స్పష్టంగా కనిపించని చోట వేసిన కుట్టు ప్రాణానికే ముప్పు.

అందుకే రెండు ఊపిరితిత్తులనూ మార్చేటప్పుడు రొమ్ము ఎముకను అడ్డంగా కోసి, ఛాతీని ఆల్చిప్పలా తెరిచే పద్ధతి వాడుకలో ఉంది. దారి విశాలమవుతుంది. కాని మార్పిడి తరువాత వాడే మందుల వల్ల గాయాలు మానడం నెమ్మదిస్తుంది. కోసిన ఎముక సరిగా అతకకపోవచ్చు. కనుక వీలైన రోగులలో ఎముకను వదిలి, ఇరువైపులా పక్కటెముకల మధ్య వేర్వేరు కోతలు పెడతారు. చోటు చాలకపోతే డయాఫ్రమ్‌కు దారం వేసి క్రిందికి లాగుతారు. గుండె పొరకు కుట్లు వేసి దానిని ఒక ప్రక్కకు నిలుపుతారు. రక్తపోటు నిలవకపోతే ఎక్మో యంత్రం సాయం తీసుకుంటారు. అప్పటికీ కనిపించకపోతే ఎముకను కోస్తారు. ఛాతీ ఇరుకైనా, గుండె పెరిగినా, పాత అతుకులున్నా ముందే పెద్ద కోతను ఎన్నుకోవచ్చు.

కనుక పెద్ద కోత అనగానే అది వైద్యుని అత్యుత్సాహమని భయపడనక్కరలేదు. చిన్న కోతే మేలని పట్టుబట్టనూ కూడదు. సమ్మతి పత్రంపై సంతకం చేసే ముందు ఏ కోత, ఎందుకు అని అడగడం కుటుంబం హక్కు.

మృతుల నుండి అవయవాలు స్వీకరించడాన్ని 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ షరతులతో అనుమతించింది. మన ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక వైద్యునితో పాటు విశ్వసనీయుడైన ముఫ్తీని కూడా సంప్రదించాలి. ప్రయత్నం మన బాధ్యత. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే.