మెక్సికో కాపురము - ఇల్లాలి ఆనవాలు

అశోకవనమున హనుమంతుడు ఎంత వినయముగా రామకథ వినిపించినను, సీతమ్మవారి మనసు పూర్తిగా కుదుటపడినది శ్రీరాముని ఉంగరమును చూచిన పిదపనే. కాళిదాసుని నాటకమున శకుంతల నిండుసభలో నిలిచి తాను దుష్యంతుని ఇల్లాలినని ఎంత చెప్పుకొన్నను, ఉంగరము నీటిపాలైనందున ఆమె మాట చెల్లలేదు. ఈ కథలు మేము చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదువుకొన్నవే. ఆనవాలు లేని ఆడుదాని కష్టమెట్టిదో మాత్రము మా మేనకోడలు మెక్సికో దేశమునకు కాపురమునకు వెళ్లవలసిన నాడుగాని మాకు తెలిసి రాలేదు. మన సోదరీమణుల బిడ్డలు నేడు నానాదేశములకు వెళ్లుచున్నారు గనుక, మాకు జరిగినదియు, దానివలన మేము తెలిసికొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా వదినగారి కుమార్తెకు వివాహమైనది. అల్లుడు కంప్యూటరు ఉద్యోగి. పెండ్లియైన నాల్గవ మాసమున అతనిని యజమానులు మెక్సికోలోని గ్వాదలహారా నగరమునకు నియమించిరి. “మెక్సికో అనగా అమెరికాయే కదా?” అని మా వదినగారు అడుగగా, బడిలో భూగోళము బోధించు మా వారు పటము పరచి, అది అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున నున్న వేరు దేశమనియు, అచ్చటి ప్రజలు మాటాడునది స్పానిషు భాషయనియు చూపిరి. ఆ దేశము మనవారికి బొత్తిగా క్రొత్తదియు కాదు. గ్వాదలహారా, మాంటెర్రే నగరములలో భారతీయ కంప్యూటరు సంస్థల కార్యాలయములు కలవు. మన హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ ఔషధసంస్థవారు 2005 సంవత్సరముననే కువెర్నవాకా యొద్ద నొక కర్మాగారమును కొనియున్నారు.

దంపతులు కలిసియే వెళ్లవలెనని అందరము తలంచితిమి. అల్లుని పత్రములన్నియు సరిపోయినవి. పిల్లవి సరిపోలేదు. ఆమె పాసుపోర్టులో పుట్టినింటి ఇంటిపేరున్నది. చదువు పత్రములో ఇంటిపేరునకు బదులు పొడి అక్షరము మాత్రమే యున్నది. వివాహ ధ్రువపత్రములోనో, అత్తవారి ఇంటిపేరు! మూడు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి ముగ్గురు స్త్రీలవలె తోచునే గాని, ఒక్కతె యని తోచదు. పత్రములు తిరిగి వచ్చినవి. అల్లుడు ఒంటరిగా విమానమెక్కెను.

తప్పు ఎవరిదని విచారింపగా మాదియే యని తేలెను. వివాహము నమోదు చేయించు దినమున, దస్తూరి బాగుండునని మా చేతికే దరఖాస్తు నిచ్చిరి. పెండ్లియైన పిల్ల గనుక అత్తవారి ఇంటిపేరు వ్రాయుటయే మర్యాద యని మేమే వ్రాసితిమి. ఆ మర్యాద ఆ పిల్లను ఐదు మాసములు పుట్టింట కూర్చుండబెట్టినది. ఇరుగుపొరుగు వారు “అమ్మాయి కాపురమునకు ఎప్పుడు?” అని అడిగినప్పుడెల్ల మా వదినగారు తలవంచుకొనుచుండిరి. ఒకనాడు ఆ పిల్ల మా వంటయింటి గడపలో కూర్చుండి, “అత్తయ్యా, నేనెవరినో నాకు తెలియును. ఈ కాగితములకే తెలియదు” అని కంటతడి పెట్టుకొనెను. మాకు జవాబు తోచలేదు.

తరువాత తెలిసిన సంగతి యేమనగా, మెక్సికోలో స్త్రీకి పెండ్లియైనంత మాత్రమున పత్రములలో పేరు మారదు. అచ్చట వాడుకగా ప్రతివారికిని రెండు ఇంటిపేరులుండును. మొదటిది తండ్రివైపు వచ్చినది, రెండవది తల్లివైపు వచ్చినది. ఆ రెంటితోడనే స్త్రీ పుట్టి, ఆ రెంటితోడనే కడవరకు ఉండును. అట్టి దేశపు ఉద్యోగులు మన ఇంటిపేర్ల మార్పులను చూచి తికమకపడుట వింత కాదు. కావున పాసుపోర్టులో నున్న పేరే అక్షరము తప్పక తక్కిన అన్ని పత్రములయందును ఉండునట్లు ముందుగానే చూచుకొనవలయును. వివాహ పత్రమును, పిల్లల జన్మపత్రములను మన ప్రభుత్వముచే అపోస్టిల్ అను ముద్ర వేయించి, స్పానిషు భాషలోనికి అధికృత అనువాదము చేయింపవలెను. మెక్సికోయు, మన దేశమును ఆ ముద్రను గూర్చిన అంతర్జాతీయ ఒడంబడికలో చేరినవే గనుక ఆ ముద్ర అచ్చట చెల్లును.

ఇక ఆ దేశపు నివాస ధర్మమును గూర్చి. ఇప్పుడు నడచుచున్న వలసచట్టము 2011లో ఏర్పడినది. దాని ప్రకారము విదేశీయులు ముఖ్యముగా మూడు తెరగులు. మొదటివారు సందర్శకులు. వీరు 180 దినములకు మించి ఉండరాదు. ఎన్ని దినములన్నది ప్రవేశమున నున్న అధికారి నిర్ణయించును. రెండవవారు తాత్కాలిక నివాసులు. వీరు నాలుగేండ్ల వరకు ఉండవచ్చును. మూడవవారు శాశ్వత నివాసులు. తాత్కాలిక నివాసియై నాలుగేండ్లు క్రమముగా గడపినవారు శాశ్వత నివాసమునకు దరఖాస్తు చేసికొనవచ్చును.

తాత్కాలిక నివాసమునకు మార్గములు కొన్ని కలవు. ఉద్యోగమిచ్చు యజమాని అచ్చటి వలసశాఖలో నమోదై, ముందుగా అనుమతి సంపాదించి సంఖ్యను పంపగా, ఉద్యోగి మెక్సికో దౌత్యకార్యాలయమున ముఖాముఖికి పోవుట ఒకటి. మన దేశమున ఆ రాయబార కార్యాలయము న్యూఢిల్లీలో కలదు. ఉద్యోగము లేకయే, తన రాబడితో గాని కూడబెట్టిన సొమ్ముతో గాని బ్రతుకగలనని చూపుట మరియొకటి. దీనికి గడచిన ఆరు మాసముల రాబడిని గాని, పండ్రెండు మాసముల నిల్వను గాని బ్యాంకు పత్రములతో చూపవలెను. ఎంత సొమ్మన్నది ఏటేట మారుచుండును గనుక, ఎవరో చెప్పిన పాత లెక్కను నమ్మక దౌత్యకార్యాలయమువారినే అడుగవలయును. చదువునకు పోవుట, భార్యాభర్తలు బిడ్డలు కలిసియుండుటకై పోవుట తక్కిన మార్గములు. మా పిల్ల వెళ్లినది ఈ కడపటి మార్గముననే.

ఇచ్చట ఒక హెచ్చరిక. అమెరికా వీసా యున్న భారతీయులు మెక్సికో వీసా లేకయే సందర్శకులుగా పోవచ్చును. పోయిన పిమ్మట అచ్చటనే నివాసపత్రము పుట్టునని కొందరు భ్రమపడుదురు. కుటుంబసంబంధము మున్నగు కొలది సందర్భములలో తప్ప సందర్శకుడు ఆ దేశముననే యుండి నివాసిగా మారుటకు వీలులేదు. దీనికంటె ఘోరమైనది దళారుల మాట. మెక్సికోమీదుగా అమెరికాకు దాటింతుమని వారు పలుకుదురు. తల్లుల నగలు అమ్మించి సొమ్ము గైకొందురు. 2019 అక్టోబరులో మెక్సికో ప్రభుత్వము అనుమతిలేని 311 మంది భారతీయులను ఒక్క విమానమున తిప్పి పంపినది. ఆ యేడే అమెరికా సరిహద్దు దాటిన పిమ్మట అరిజోనా ఎడారిలో ఆరేండ్ల భారతీయ బాలిక ఎండవేడికి ప్రాణము విడిచినది. ఏ తల్లియు తన మెడలోని గొలుసును ఇట్టి పనికి తీసి ఇయ్యరాదు.

మా మేనకోడలి కథకు మరల వత్తము. పత్రములు సరియై వీసా వచ్చినది. ఆ వీసా పాసుపోర్టులో నతికించిన కాగితమే గాని నివాసపత్రము కాదు. అది ఒక్కసారి ప్రవేశించుటకు మాత్రమే పనికివచ్చును. ఆ దేశమున అడుగిడిన 30 దినములలోపల వలసశాఖ కార్యాలయమునకు పోయి, దానిని నివాసపు కార్డుగా మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. విమానాశ్రయమున అధికారి పొరపాటున సందర్శకురాలని వ్రాసినచో తరువాత చిక్కు గనుక, అచ్చటనే నిలిచి ముద్రను చదువుకొనవలయును. మా పిల్ల అట్లే చదువుకొనెను. మగడు, “నీకెందుకు, నేను చూచెదను లే” యనినను వినక, ముప్పది దినములను గోడమీది కాలెండరున గీతలు గీసి లెక్కించి, పదవనాడే తన వ్రేలిముద్రలు తానిచ్చి వచ్చెను. భర్త కార్డు భర్తదే, భార్య కార్డు భార్యదే. చంటిబిడ్డకు సైతము వేరొక కార్డు. ఒకరిది మరియొకరికి అక్కరకు రాదు.

మొదటి కార్డు ఒక సంవత్సరమునకు. గడువు ముగియుటకు ముందు ముప్పది దినములలో దానిని ఒకటి, రెండు లేక మూడేండ్లకు పొడిగించుకొనవచ్చును. ఇల్లు మారినను, పని మారినను, వివాహస్థితి మారినను 90 దినములలోపల వలసశాఖకు తెలుపవలయును. కార్డు చేతికి రాకమునుపే తల్లికి జబ్బు చేసినదని స్వదేశమునకు పరుగెత్తవలసివచ్చిన, వెళ్లి మరలివచ్చుటకు వేరుగా అనుమతి గైకొనవలెను. లేనిచో పడిన శ్రమయంతయు వృథా. భర్తననుసరించి వెళ్లిన స్త్రీ జీతమునకు పని చేయదలచినచో దానికిని అనుమతి కావలెను. శాశ్వత నివాసికి మాత్రము పనిచేయు హక్కు సహజముగా కలదు. విదేశీయులు ఆ దేశపు రాజకీయములలో తలదూర్పరాదని వారి రాజ్యాంగమే శాసించుచున్నది. సముద్రతీరమునకు 50, సరిహద్దునకు 100 కిలోమీటర్లలోపల భూమిని విదేశీయులు తమ పేర నేరుగా కొనరాదు. బ్యాంకు ధర్మకర్తగా నుండు పద్ధతిని మాత్రమే అనుభవింపవచ్చును.

చట్టములు ఇట్లుండగా, వంటయిల్లు మాత్రము ఆ పిల్లకు ఎట్టి కాగితమును అడుగలేదట. మనము తరతరాలుగా తినుచున్న మిరపకాయకు పుట్టినిల్లు మెక్సికోయే. టమాటా యను పేరు ఆ దేశపు పూర్వుల నహువాత్ల్ భాషనుండి వచ్చినది. మొక్కజొన్న అచ్చటిదే. మన గుమ్మములకు కట్టు బంతిపూవును అచ్చటిదే. నవంబరు మొదటి రెండు దినములలో వారు గతించిన పెద్దలకు పీటలు వేసి, బంతిపూలు పరచి, వారికి ప్రియమైన వంటకములు నివేదింతురు. అది చూచి మా పిల్ల, “మన మహాలయపక్షమువలె నున్నదత్తయ్యా” అని ఫోనులో చెప్పెను. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రియంతయు నాననిచ్చి, కడిగి రుబ్బి, తోర్తీయా యను రొట్టెలు చేయుదురు. ఆ పిండిని నూరు పూర్వపు రాతిని మెతాతే యందురు. చూచుటకు మన సన్నెకల్లే. వారమునకొకసారి వీధులలో తియాంగిస్ అను సంత జరుగును. శాకాహారులు జాగ్రత్తపడవలసినది ఒకటి కలదు. చిక్కుడుగింజల కూరలో సైతము పందికొవ్వు వేయుట వాడుక గనుక, “సిన్ మాంతేకా”, అనగా కొవ్వు వేయకుండ, అని అడుగుట మొదట నేర్వవలెను. ఆ పిల్ల స్పానిషు చదువు ఆ రెండు మాటలతోడనే ప్రారంభమైనదట.

ఇప్పుడామెకు ఆరవ నెల. సందేహము మరి పెద్దది వచ్చినది. మెక్సికో గడ్డపై పుట్టిన బిడ్డ పుట్టుకతోడనే ఆ దేశపు పౌరుడగును. ఆ బిడ్డ తల్లిదండ్రులు శాశ్వత నివాసమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఆ బిడ్డ భారతపౌరుడుగా నుండవలెననినచో, ఒక సంవత్సరములోపల మన దౌత్యకార్యాలయమున నమోదు చేయించి, అన్యదేశపు పాసుపోర్టు లేదని వ్రాసి ఇయ్యవలెను. పెద్దవారు సాధారణముగా ఐదేండ్ల నివాసము పిమ్మట, స్పానిషునందును ఆ దేశ చరిత్రయందును పరీక్ష నిచ్చి పౌరసత్వము కోరవచ్చును. అన్యదేశ పౌరసత్వమును స్వీకరించిన క్షణమున మన పౌరసత్వము పోవును. ఈ నిర్ణయము మగవారు ఒంటరిగా చేయదగినది కాదు. మా పిల్ల ఈ నియమములన్నియు తానే చదివి, ఒక కాగితమున వ్రాసి, భర్త యెదుట పెట్టెను. ఇద్దరును ఇంకను ఆలోచించుచున్నారు.

ఆమె వలన మేము విన్న మరియొక కథతో ముగింతుము. పదునేడవ శతాబ్దమున మన దేశపు బాలిక నొకతెను పోర్చుగీసు సముద్రచోరులు ఎత్తుకొనిపోయి, కొచ్చినునకును, మనీలాకును త్రిప్పి, కడకు మెక్సికోలోని ప్వేబ్లా నగరమున దాసిగా అమ్మిరని ఆమె చరితకారులు వ్రాసిరి. ఆమె చిన్ననాటి పేరు మిర్రా యందురు. కాతరీనా దె సాన్ హువాన్ అని వేరు పేరు పెట్టిరి. భక్తురాలై, పలువురిచే గౌరవింపబడి, ఆమె 1688లో అచ్చటనే మరణించినది. ఆమెను అడిగి ఆ దేశమునకు కొనిపోయినవారు లేరు. పేరు మార్చునప్పుడును ఆమెను అడిగినవారు లేరు.

సోదరీమణులారా! మన బిడ్డలు నేడు తమ సమ్మతితో, తమ పేరుతో, తమ వ్రేలిముద్రతో పరదేశమునకు పోవుచున్నారు. ఆ భాగ్యమును మన అజాగ్రత్తచే చెడగొట్టకుందుము. వివాహము నిశ్చయమైన నాడే పిల్ల పాసుపోర్టును, జన్మపత్రమును, చదువు పత్రమును తెచ్చి, అక్షరముపై అక్షరము పెట్టి సరిచూడుడు. పసుపుకుంకుమలతోపాటు ఆ పత్రముల సంచియు పిల్ల చేతికే ఇయ్యుడు. మా ఇంట ఈసారి రెండవ మేనకోడలి వివాహపు దరఖాస్తు వచ్చినప్పుడు మేము కలము ముట్టలేదు. ఆ పిల్ల పేరు ఆ పిల్ల చేతనే వ్రాయించితిమి.