బయట మెరిసిన ప్లగ్ లోపల ఎందుకు మెరవదు?

చింతామణి టమాటా మార్కెట్‌కు, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్‌కు, బాగేపల్లి పక్క పల్లెల్లోని పాల డెయిరీలకు పొద్దున్నే చేరే బళ్లలో తరచుగా కనబడేది టీవీఎస్ మోపెడ్ ఎక్సెల్. విదేశాల్లో పొలాల్లో, అడవిదారుల్లో తిరగడానికి లావు టైర్ల ఏటీవీలు (ఆల్ టెర్రైన్ వెహికిల్స్) వాడతారు. 1970లో హోండా అమెరికాలో మూడు చక్రాల యూఎస్90ని అమ్మకానికి పెట్టడంతో వాటికి గిరాకీ మొదలైంది. చిక్కబళ్లాపురం జిల్లాలో అదే పనిని 1980లో హోసూరులో పుట్టిన టీవీఎస్ 50 సంతతి చేస్తోంది. పొలంగట్టు, ఇసుకవాగు, చెరువుకట్ట దేనికీ అది జంకదు. చిన్న ఏటీవీకైనా ఎక్సెల్‌కైనా ఉండేది ఒకే సిలిండరు, ఒకే ప్లగ్. అందుకే మొరాయించే తీరు కూడా ఒకటే.

కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టాక బండిని షాపుకు తోసుకెళితే, మెకానిక్ ప్లగ్ విప్పి, క్యాప్ తగిలించి, ఇంజను లోహానికి ఆనించి కిక్ కొడతాడు. నిప్పురవ్వ కనబడకపోతే "కరెంటు వస్తాలేదన్నా" అంటాడు. కనబడితే కరెంటు బాగున్నట్టేనని కార్బొరేటర్ మీద పడతాడు. చిక్కంతా ఈ రెండో తీర్పుతోనే.

గాలి మామూలుగా విద్యుత్తును పోనివ్వదు. ప్లగ్ రెండు మొనల మధ్య వోల్టేజి ఒక హద్దు దాటినప్పుడే గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి రవ్వ దూకుతుంది. ఆ హద్దు రెండింటి మీద ఆధారపడుతుందని, ఒకటి ఖాళీ దూరం, రెండోది వాయుపీడనమని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో తేల్చాడు. ప్లగ్ గ్యాప్ సుమారు 0.7 మిల్లీమీటర్లు. బయటి గాలిలో దాన్ని దాటడానికి మూడు వేల వోల్టుల చిల్లర చాలు. సిలిండరులో పిస్టన్ పైకొచ్చి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ఎనిమిది తొమ్మిదో వంతుకు కుదించేసరికి అదే ఖాళీకి పదివేల వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కావాలి. సగం చచ్చిన కాయిల్ ఆరు వేలు ఇవ్వగలిగితే బయట చక్కగా మెరుస్తుంది, లోపల నోరు మెదపదు. చిక్కబళ్లాపురం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడి గాలి పీడనం దాదాపు పదో వంతు తక్కువ. అంటే ఈ ఊళ్లో ఆరుబయట పరీక్ష ఇంకాస్త సులువుగా పాసవుతుంది.

కనుక రవ్వ ఉందా అని కాదు, ఎంత దూరం దూకుతోంది అని అడగాలి. గ్యాప్ మార్చుకునే స్పార్క్ టెస్టర్లు దొరుకుతాయి. రవ్వ ఐదారు మిల్లీమీటర్లు నీలంగా, టపటపమంటూ దూకితే కరెంటు వైపు అనుమానం తగ్గించుకోవచ్చు. ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు తప్పవు. పెట్రోలు ఆవిరి చిమ్మే ప్లగ్ రంధ్రానికి దూరంగా చేయాలి. టెస్టర్ గానీ ప్లగ్ గానీ ఇంజను లోహాన్ని గట్టిగా తాకుతూ ఉండాలి. క్యాప్‌ను గాలికి వదిలి కిక్ కొడితే, దారి దొరకని హై వోల్టేజి కాయిల్ లోపలి పూతనో, రవ్వను నడిపించే సీడీఐ డబ్బానో చీల్చుకుని పోతుంది. మంచి బండి కూడా ఇలాగే పాడవుతుంది.

ఇంతకీ ఆ వోల్టేజి పుట్టేదెక్కడ? ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెట్ దగ్గర. అక్కడి కాయిల్ ఇచ్చే విద్యుత్తుతో సీడీఐ డబ్బాలోని కెపాసిటర్ రెండు మూడు వందల వోల్టుల దాకా నిండుతుంది. పిస్టన్ పైకి వచ్చే సమయాన్ని పికప్ కాయిల్ కనిపెట్టి సంకేతమిస్తుంది. కెపాసిటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఇగ్నిషన్ కాయిల్‌లో కొద్ది చుట్ల తీగలో పారిన ఆ దెబ్బ, వేల చుట్ల తీగలో వేల వోల్టులై లేస్తుంది. మాగ్నెట్ నుంచి నేరుగా హై వోల్టేజి తీసే పద్ధతిని బాష్ కంపెనీలో గోట్లోబ్ హోనోల్డ్ 1902లోనే సాధించాడు. మధ్యలో, సీడీఐ వచ్చేదాకా, పాయింట్లు, కండెన్సర్ల కాలం నడిచింది. పాయింట్లకు ఉప్పుకాగితం రుద్దిన మెకానిక్కులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు.

తప్పు వెతకడం ప్లగ్ కొసనుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. చాలా షాపుల్లో దీనికి తలకిందులుగా ముందు సీడీఐ మార్చేస్తారు. ఖరీదైన వస్తువు కాబట్టి జబ్బు అందులోనే ఉంటుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ప్లగ్ మొన లేత గోధుమరంగులో ఉంటే లోపల మంట సవ్యంగా ఉన్నట్టు. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డు నల్లదనమైతే ఆయిల్ చేరుతోంది. మసి కూడా విద్యుత్తును మోస్తుంది కనుక కరెంటు రవ్వగా దూకకుండా దాని మీదుగా జారిపోతుంది. గ్యాప్ కొలిచే పరికరం లేకపోతే హ్యాక్సా బ్లేడు మందం ఉజ్జాయింపుగా సరిపోతుంది. అనుమానం తీరకపోతే కొత్త ప్లగ్ వేసి చూడడమే చౌక.

తరవాత క్యాప్. చాలా క్యాప్‌లలో ఐదు వేల ఓముల నిరోధకం ఉంటుంది. మల్టీమీటరు ఏ అంకే చూపకపోతే అది తెగినట్టే. క్యాప్ వైరు మీద మరతో కూర్చుంటుంది. విప్పి, పచ్చగా తుప్పు పట్టిన కొసను కొన్ని మిల్లీమీటర్లు కోసి మళ్లీ బిగిస్తే చాలాసార్లు బండి లేస్తుంది. పైపుతో బండి కడిగాకో, వానలో తడిశాకో మొరాయిస్తే మొదటి ముద్దాయి ఈ క్యాపే. వైరు చీలిందో లేదో చూడడానికి చీకటి మేలు. రాత్రి లైట్లు ఆర్పి కిక్ కొడితే, గండి పడ్డ కాలువలా కరెంటు ఎక్కడ బయటికి పోతోందో నీలిగీతలుగా కనబడుతుంది.

ఆపడానికి ఉన్న తీగ వల్లే స్టార్ట్ కాని బళ్లూ ఉన్నాయి. పాత మాగ్నెట్ బళ్లలో తాళం ఆఫ్ చేయడమంటే కరెంటును తెంచడం కాదు, ఒక తీగను బండి బాడీకి కలిపి ఎర్త్ చేయడం. హ్యాండిల్ తిప్పి తిప్పి మెడ దగ్గర ఆ తీగ పైతొడుగు అరిగి లోహాన్ని తాకితే, తాళం ఆన్‌లో ఉన్నా బండి ఆఫ్ అయినట్టే. సీడీఐ దగ్గర ఆ ఒక్క తీగను విడదీసి కిక్ కొట్టండి. రవ్వ వస్తే తప్పు తాళంలోనో తీగలోనో ఉంది.

నడిచి నడిచి వేడెక్కాక ఆగి, పావుగంట నీడలో నిలబెడితే మళ్లీ నడిచే బండి కథ ఇంకా తమాషా. వేడికి కాయిల్‌లోని తీగ వ్యాకోచించి, నెర్రె విచ్చిన చోట విడిపోవచ్చు. కానీ పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రం దుమ్ముతో మూసుకుపోయినా అచ్చం ఇవే లక్షణాలు. ఆగిన మరుక్షణం మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి వెంటనే లేస్తే కాయిల్‌కు పాపం లేదు. బండి వేడిగా ఉండగానే ప్లగ్ రవ్వ చూడటం రెండో పరీక్ష. చల్లారాక చూస్తే ఏమీ తేలదు.

రవ్వ, పెట్రోలు, కంప్రెషన్ మూడూ బాగుండీ కిక్ వెనక్కి తంతుంటే, మాగ్నెట్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు చిన్న ఇనుపముక్క కోసుకుపోయి ఉండొచ్చు. మాగ్నెట్ కొద్దిగా తిరిగిపోతే రవ్వ వేళకాని వేళ పడుతుంది. ఇవన్నీ చూశాకే సీడీఐ వంతు. దాన్ని మీటరుతో నమ్మకంగా తేల్చలేం. నడుస్తున్న అదే మోడల్ బండిది ఒకటి తెచ్చి పెట్టి చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల ఇంజెక్షన్ బళ్లకు మాత్రం తీగలు విడదీసి చూసే చిట్కా వాడకండి, లోపల కంప్యూటరుంది. వాటికి తాళం ఆన్ చేసి చెవి పెట్టడం మొదటి పరీక్ష. ట్యాంకు వైపు పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమనాలి. అనకపోతే ప్లగ్ జోలికి పోకుండా ముందు ఫ్యూజు, తరవాత బ్యాటరీ చూసుకోవాలి.