పులియబెట్టిన యెరువు

పూర్వము మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో వంటింటి వ్యర్థమను మాటకే తావు తక్కువ. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన సంగటి, అన్నియు కుడితి తొట్టిలోనికి చేరెడివి. పశువులు ఆ కుడితిని త్రాగెడివి. వాని పేడ దిబ్బకును, దిబ్బలోని యెరువు బండ్లమీద పొలమునకును పోయెడిది. సుమారు మూడడుగుల యెత్తు మాత్రమే యుండు పుంగనూరు ఆవు కొద్దిమేతతో బ్రదుకగలది. అట్టి యావునకు ఒక యింటి కుడితి గొప్ప యాసరా.

నేడు పట్టణములలో కుడితి తొట్టి కనబడుట అరుదు. తొట్టి పోయినది గాని తొక్కలు పోలేదు. వానిని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీధిమూలకు విసరుచున్నాము. ఆకలిగొన్న ఆవు ముడి విప్పుకొనలేదు గదా! సంచితోడనే మ్రింగును. ఆ సంచి జీర్ణము కాదు. పొట్టలో పేరుకొని తుదకు ప్రాణము తీయును.

వ్యర్థమును ఎరువుగా మార్చు పద్ధతులు పలు కలవు. ఆల్బర్టు హోవార్డు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పరిశోధించి, గాలి తగులునట్లు కుప్పను తిరుగవేయు విధానమును రూపొందించెను. మన పొరుగుననున్న బెంగుళూరులో సి. ఎన్. ఆచార్య 1939 ప్రాంతమున, గుంటలో నింపి మట్టితో కప్పు విధానమును కనుగొనెను. రెండును మంచివే గాని వానికి పెరడు వలయును. మిద్దెయిండ్లవారికి తగినది పులియబెట్టుట. జపానువారు దీనిని 'బొకాషి' అందురు. ఒకినావా ద్వీపమునందలి ఆచార్యుడు తెరువో హిగా దీనికి వలయు సూక్ష్మజీవుల మిశ్రమమును 1980 దశకమున ప్రచారములోనికి తెచ్చెను.

పులియుట వేరు, కుళ్ళుట వేరు. దోసెపిండి పులియును; ఎవరును ముక్కు మూసికొనరు. పెరుగును తోడుపెట్టు సూక్ష్మజీవుల వంటివే వ్యర్థములోని చక్కెరలను ఆమ్లముగా మార్చును. ఆ పులుపులో కుళ్ళబెట్టు క్రిములు బ్రదుకజాలవు. కావున వచ్చునది ఊరగాయ వాసనయే.

ముందుగా తవుడు సిద్ధము చేయవలెను. వరితవుడులో బెల్లపు నీరును, పెరుగుమీది తేటను కలిపి, పిడికిట పట్టిన ముద్ద యగునంత తడి యుంచి, గాలి చొరకుండ రెండు వారములు మూసియుంచి, పిదప నీడన ఆరబెట్టవలెను. గట్టి మూతయు, అడుగున కొళాయియు గల బక్కెట్టొకటి చాలును. తొక్కలను చిన్నగా తరిగి పరచి, పిడికెడు తవుడు చల్లి, పళ్ళెముతో అదిమి మూత బిగింపవలెను. దినమునకు ఒక్కమారే తెరువవలెను. మాటిమాటికి మూత తీసి చూచువాని బక్కెట్టు చెడుట తథ్యము. మదనపల్లె వారి వంటయిండ్లలో టమోటా యెక్కువ గనుక నీరెక్కువ. తవుడు కొంచెము హెచ్చుగా చల్లవలెను.

రెండు మూడు దినముల కొకసారి కొళాయినుండి పుల్లని నీటిని తీసివేయవలెను. దానికి నూరింతలు మంచినీరు కలిపి మొక్కలకు పోయవచ్చును. కలుపకున్న వేళ్ళు మాడును. బక్కెట్టు నిండినపిదప రెండు వారములు కదలింపరాదు. తెల్లని బూజు కట్టినచో భయము లేదు. నల్లని బూజుతో దుర్గంధము వచ్చినచో గాలి చొచ్చినదని గ్రహింపవలెను.

మూత తీసిన తొలిసారి పిల్లలు నిరాశపడుదురు. అరటితొక్క అరటితొక్కవలెనే యుండును! పని సగమే యైనది. తక్కిన సగము మన్ను చేయును. ఈ సీమ యెఱ్ఱనేలలలో జీవపదార్థము తక్కువ. అందుచే కురిసిన కొద్ది వానయు నేలలో నిలువదు. పులిసిన పదార్థమును మట్టిలో కలిపి పూడ్చినచో, సుమారు నెలదినములలో వానపాములును సూక్ష్మజీవులును దానిని మన్నుగా మార్చును. అంతవరకు అచట విత్తనము నాటరాదు, పులుపు వేళ్ళకు సరిపడదు. పెరడు లేనివారు పాత గోనెసంచిలో మట్టియొక పొర, ఇదియొక పొరగా నింపవచ్చును. పైని పొర మాత్రము జానెడు మన్నై యుండవలెను. లేకున్న వీధికుక్కలు ఆ రాత్రియే త్రవ్విపోయును.